‘డార్మాక్’ ఎపిసోడ్‌కి తెలుగు సబ్‌టైటిళ్ళు రాయడం ఎలా

‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ ఐదో సీజన్లో రెండో ఎపిసోడ్ ‘డార్మాక్’. 1991 సెప్టెంబరు 30న అమెరికాలో ప్రసారమైంది. స్క్రిప్ట్ జో మెనోస్కీ, దర్శకత్వం విన్రిక్ కోల్బీ. టమారియన్లు అనే జాతి మాట్లాడేదంతా తమ పురాణాల్లోని మనుషుల పేర్లతో, ఊళ్ళ పేర్లతోనే. ఎంటర్‌ప్రైజ్ నౌకలోని అనువాద యంత్రం మాటలన్నిటినీ ఇంగ్లీషులో చెప్పేస్తుంది, భావం మాత్రం ఒక్కటీ అంతుపట్టదు. టమారియన్ కెప్టెన్ డేథాన్, ఎంటర్‌ప్రైజ్ కెప్టెన్ పికార్డ్‌ని తనతోపాటు ఎల్-అడ్రెల్ 4 గ్రహం మీదికి దించేస్తాడు. అక్కడొక మృగం. ఇద్దరూ కలిసి దాన్ని ఎదుర్కొంటే తప్ప ఒకరి మాట ఒకరికి తెలియదు.

మామూలు ఎపిసోడ్‌కి సబ్‌టైటిల్ రాసేవాడి పని అర్థం చెప్పడం. ఇక్కడ సగం పని చెప్పకుండా ఆగడం. పికార్డ్‌కి తెలియని క్షణంలో ప్రేక్షకుడికి తెలిసిపోతే ఎపిసోడ్ అక్కడితో అయిపోయినట్టే. కింద చెప్పే ప్రతి నియమం దీని మీదే ఆధారపడింది.

ముందు సరంజామా

సొంతంగా కొన్న డిస్కు మీదే పని చేయండి. హక్కులు పారామౌంట్‌వి కాబట్టి ఇది సాధనకీ ఇంట్లో చూసుకోవడానికే. సాఫ్ట్‌వేర్ ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అయినా ‘ఏజిసబ్’ అయినా సరిపోతుంది, రెండూ ఉచితమే. ఫైలు ఎస్సార్టీ (.srt), ఎన్‌కోడింగ్ (అక్షరాలని కోడ్‌లుగా దాచే పద్ధతి) యూటీఎఫ్-8. తెలుగు పట్టని పాత ఏఎన్‌ఎస్‌ఐ పద్ధతిలో సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, మళ్ళీ వెనక్కి రాదు. ఒక్కో సబ్‌టైటిల్ ఇలా ఉంటుంది:

12
00:04:12,500 --> 00:04:15,000
షాకా, గోడలు కూలినప్పుడు.

సెకన్ల తర్వాత కామా ఉండాలి. చుక్క పెడితే కొన్ని ప్లేయర్లు ఆ ఫైలునే పట్టించుకోవు. ఇక్కడి టైములు నమూనా కోసమే, మీ డిస్కుని బట్టి మీవి వేరుగా ఉంటాయి.

ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళ టైమింగ్ తీసుకుని వాడుకుంటుంటే తేడాని ముందే పట్టుకోండి. మొదట్లోనూ చివర్లోనూ ఒకే రెండు సెకన్ల తేడా ఉంటే మొత్తాన్ని జరిపితే చాలు. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను దూరమైతే అది ఫ్రేమ్ రేటు గొడవ. సెకనుకి 25 ఫ్రేముల లెక్కన చేసిన టైమింగ్‌ని 23.976 ఫ్రేముల వీడియోకి తగిలిస్తే నలభై అయిదు నిమిషాల చివరికి దాదాపు రెండు నిమిషాలు ముందుకు పరుగెడుతుంది. దాన్ని చేత్తో ఒక్కొక్కటి జరుపుతూ కూర్చోవద్దు. ‘ఫ్రేమ్ రేటు మార్చు’ అనే మెనూ అందుకే ఉంది.

కొలతలు: వరస 42 అక్షరాలు దాటకూడదు, రెండు వరసలకి మించకూడదు. తెర మీద కనీసం 5/6 సెకను, అత్యధికం 7 సెకన్లు. రెండు సబ్‌టైటిళ్ళ మధ్య 2 ఫ్రేముల ఖాళీ. చదివే వేగం సెకనుకి 20 అక్షరాలు పెట్టుకోండి. ఇక్కడొక మెలిక ఉంది. సాఫ్ట్‌వేర్ లెక్కపెట్టేది మనం అనుకునే అక్షరాల్ని కాదు, కోడ్‌లని. ‘స్త్రీ’ మనకి ఒక్క అక్షరం, దానికి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ‘షాకా, గోడలు కూలినప్పుడు’ అన్నదాంట్లో మన లెక్కకి పది అక్షరాలు, దానికి ఖాళీలూ కామాతో కలిపి ఇరవైమూడు. అందుకని ఒత్తులు ఎక్కువున్న వాక్యం ఎర్రగా మెరిసినంత మాత్రాన కంగారుపడి కత్తిరించొద్దు. బయటికి చదివి చూసుకుని తేల్చుకోండి.

టమారియన్ మాటలు ముందు

ఎపిసోడ్‌ని మొదటి నిమిషం నుంచి వరసగా అనువదించుకుంటూ పోతే చెడిపోతుంది. టమారియన్ వాక్యాలన్నీ ఒక పట్టికలో రాసి, ముందు వాటికే తెలుగు ఖాయం చేయండి. ఒక వాక్యం ఎన్నిసార్లు వచ్చినా అక్షరం పొల్లుపోకుండా అదే రావాలి. ఒకచోట ‘గోడలు కూలినప్పుడు’, ఇంకోచోట ‘గోడలు పడిపోయిన వేళ’ అని రాస్తే అవి రెండూ ఒకటేనని ప్రేక్షకుడు పట్టుకోలేడు. ఈ జాతి భాష నేర్చుకోవడానికి ప్రేక్షకుడి దగ్గరున్న ఒకే ఒక్క ఆధారం పునరుక్తి.

తెలుగు ఇక్కడ మనకి బాగా కలిసొస్తుంది. ఈ వాక్యాల్లో చాలావాటికి ఇంగ్లీషులో ముగించే క్రియ ఉండదు, గాలిలో వేలాడుతుంటాయి. తెలుగులో క్త్వార్థకం (‘చేసి’, ‘వచ్చి’ లాంటి ముగియని క్రియ) అదే పని చేస్తుంది. ‘విప్పి’, ‘మూసుకుని’ అని వదిలేస్తే వాక్యం తెగినట్టే ఉంటుంది గానీ తప్పుగా అనిపించదు.

పట్టిక ఇలా ఖాయం చేసుకోవచ్చు:

డార్మాకూ జలాదూ, టనాగ్రా వద్ద.
షాకా, గోడలు కూలినప్పుడు.
టెంబా, చేతులు బారజాపి.
సోకాత్, కళ్ళ మీది తెర తొలగి.
కిటియో, కళ్ళు మూసుకుని.
ఉజానీ, సేన పిడికిలి విప్పి.
టెమార్క్ నది, శీతాకాలంలో.
జిండా, ముఖం నల్లగా, కళ్ళు ఎర్రగా.
మీరాబ్, తెరచాప ఎత్తి.

మొదటిదాంట్లో ‘మరియు’ పెట్టొద్దు. ‘డార్మాక్ మరియు జలాద్’ అంటే యంత్రం చేసిన తెలుగు. మనకి దీర్ఘమే ‘మరియు’. ‘టనాగ్రాలో’ అని కూడా వద్దు. ‘లో’ అనగానే అదొక ఊరో దీవో అని మనం తేల్చేసినట్టవుతుంది. ‘వద్ద’ ఊరికీ సరిపోతుంది, ఏటికీ మనిషికీ కూడా. పికార్డ్‌కి ఆ సందేహం ఎంతసేపు ఉంటుందో మనకీ అంతసేపు ఉండాలి. ఇదే చట్రంలోకి తర్వాత పికార్డ్ డేథాన్‌కి చెప్పే పాత కథలోని ‘గిల్గమేషూ ఎంకిడూ, ఉరుక్ వద్ద’, చివర్లో ‘పికార్డూ డేథానూ, ఎల్-అడ్రెల్ వద్ద’ వచ్చి కూర్చోవాలి. మొదటి వాక్యానికి మీరు ఎంచుకున్న అచ్చులో ఈ రెండూ ఇమడకపోతే అచ్చే మార్చండి.

వరస కూడా చెవికి వినబడిన వరసే. తెలుగుకి సహజంగా ‘టనాగ్రా వద్ద డార్మాకూ జలాదూ’ అని రావాలనిపిస్తుంది. డేథాన్ ఆ మాటల్ని విడగొట్టి, ఒక్కో ముక్క దగ్గర ఆగి, పికార్డ్ ముఖం చూసి తర్వాతి ముక్క అంటాడు. టనాగ్రాని ముందుకి లాగితే ఆ ఆగడం చెడుతుంది. పేరు పలికిన క్షణానికే ఆ పేరు తెర మీద ఉండాలి.

ఇక గుంటలు. ‘టెంబా’ వాక్యానికి అందరికీ మొదట తట్టేది ‘చేతులు చాచి’. తెలుగులో చేయి చాచడం అంటే అడుక్కోవడం. ఆ వాక్యం ఇవ్వడానికి గుర్తు. డేథాన్ రాత్రి చలిలో పికార్డ్‌కి మండే కట్టె అందిస్తూ అంటాడు. ‘చాచి’ అని రాస్తే ఇచ్చేవాడు బిచ్చగాడైపోతాడు. ‘బారజాపి’ అంటే రెండు చేతులూ నిండుగా విప్పిన బొమ్మ వస్తుంది, ఇస్తున్నాడో పిలుస్తున్నాడో తేలదు. మనకి కావలసినది అదే.

‘టెమార్క్ నది, శీతాకాలంలో’ ఇంకో రకం చిక్కు. నది గడ్డకట్టి చప్పుడు లేకుండా ఉంటుందని, ‘నిశ్శబ్దం!’ అనడమని భావం. మన గోదావరి శీతాకాలంలోనూ పారుతూనే ఉంటుంది, మన ప్రేక్షకుడికి ఆ బొమ్మ రాదు. అలాగని ‘గడ్డకట్టిన’ అని చేర్చొద్దు. డేథాన్ అలా గద్దించగానే అతని మనుషులు నోళ్ళు మూసుకుంటారు. తెర మీద కనిపిస్తున్నదాన్ని మళ్ళీ అక్షరాల్లో చెప్పనక్కర్లేదు. చివరి సన్నివేశంలో పికార్డ్ ఇదే మాటతో టమారియన్ల కోపాన్ని ఆపుతాడు, అప్పటికి అందరికీ తెలిసే ఉంటుంది.

పేర్ల వర్ణక్రమం

ఇంగ్లీషు లిపిలో పెద్దక్షరం చూడగానే అది పేరని తెలుస్తుంది. తెలుగులో పెద్దక్షరాలు లేవు, అదే మంచిది. ఎంటర్‌ప్రైజ్ సిబ్బంది వినేదీ అలాగే కదా, షాకా అంటే మనిషో ఊరో వాళ్ళకీ తెలియదు. పేరుని ఉటంకింపు గుర్తుల్లో పెట్టి సాయం చేయొద్దు. కాకపోతే పేరు వేరే మాటలా కనిపించకుండా చూసుకోవాలి. ఇవి కాస్త నవ్వు తెప్పించే సంగతులే గానీ పట్టించుకోకపోతే సన్నివేశం పాడవుతుంది. రై అనే పేరుని ‘రాయ్’ అని రాస్తే ఎవరినో రాయమన్నట్టుంటుంది. లుంఘాకి ‘ఘ’ ఉంచండి, ‘లుంగా’ అంటే లుంగీ గుర్తొస్తుంది. జిండాని ‘జిందా’ అంటే హిందీ తెలిసినవాళ్ళకి ‘బతికి ఉన్నాడు’ అని వినిపిస్తుంది. జలాద్‌కి ‘ల’ ఒత్తు పడితే తలారి అయిపోతాడు. ఒక వాక్యంలో ‘కైలాష్’ లాంటి పేరొకటి వస్తుంది. అలాగే రాస్తే తెలుగువాళ్ళందరికీ శివుడి కొండే. ‘కేలాష్’ అని ఒక్క గుణింతం మార్చి గట్టెక్కండి.

గ్రహాల అంకెలకి రోమన్ గుర్తులు వద్దు: షాంటిల్ 3, ఎల్-అడ్రెల్ 4. స్టార్‌డేట్ (ఈ సీరియల్లో తేదీ) 45047.2 అలాగే అంకెల్లో. వార్ప్, ఫేజర్, షీల్డులు, ట్రాన్స్‌పోర్టర్, ట్రైకార్డర్ లాంటి ఈ సీరియల్ సాంకేతిక పదాలు కూడా అలాగే ఉంచండి. ‘వక్రగమనం’ లాంటివి పుట్టిస్తే ప్రేక్షకుడు కథ వదిలేసి నిఘంటువులో పడతాడు. పికార్డ్ తన తర్వాతి అధికారి రైకర్‌ని పిలిచే ‘నంబర్ వన్’ని మాత్రం ఆలోచించి రాయండి. తెలుగు చెవికి అది ‘నంబర్ వన్ హీరో’ లాంటి పొగడ్త. ఈ సీరియల్ అలవాటున్న ప్రేక్షకులైతే ఉంచేయండి, కొత్తవాళ్ళైతే ‘కమాండర్’.

మన పురాణాలు తేవద్దు

ఇది రాస్తున్న ప్రతి తెలుగువాడికీ చెయ్యి దురద పుడుతుంది. మనమూ అలాగే మాట్లాడతాం కదా: సైంధవుడిలా అడ్డుపడ్డాడు, ధృతరాష్ట్ర కౌగిలి, శల్యసారథ్యం, త్రిశంకు స్వర్గం. ఓటమిని చెప్పే షాకా వాక్యం బదులు ‘పద్మవ్యూహంలో అభిమన్యుడు’ అంటే ఎంత బాగుంటుంది! బాగుంటుంది, అందుకే వద్దు. మనకి అభిమన్యుడు తెలుసు, క్షణంలో అర్థమైపోతుంది. పికార్డ్ ఇంకా తల పట్టుకునే ఉంటాడు. ఆ పరాయితనమే ఎపిసోడ్‌కి ప్రాణం.

కౌన్సెలర్ ట్రోయ్ ఈ భాష తీరు వివరిస్తూ బాల్కనీలో జూలియట్ అనే ఉదాహరణ ఇస్తుంది. అక్కడ కూడా ‘అశోకవనంలో సీత’ అని మార్చొద్దు. చెవికి ‘జూలియట్’ స్పష్టంగా వినిపిస్తుంటే తెర మీద ఇంకో పేరుంటే మిగతా సబ్‌టైటిళ్ళ మీద కూడా నమ్మకం పోతుంది. పైగా ఆ మాట వివరణ కోసమే వచ్చింది, జూలియట్ ఎవరో మనవాళ్ళకీ తెలుసు.

మీరు, నువ్వు, మేము, మనం

ఇంగ్లీషులో లేని రెండు పనిముట్లు మన చేతిలో ఉన్నాయి. ఈ ఎపిసోడ్‌లో అవి బంగారం.

మొదటిది సంబోధన. నౌకలో పికార్డ్ తన అధికారులందరినీ ‘మీరు’ అనాలి. ‘నువ్వు’ అంటే పోలీస్ స్టేషన్ వాసన వస్తుంది, ఆయన పద్ధతి అది కాదు. రైకర్, వర్ఫ్ లాంటివాళ్ళు వాళ్ళలో వాళ్ళు ‘నువ్వు’ అనుకోవచ్చు. డేథాన్ సంగతి వేరు. టమారియన్ మాటల్లో పేర్లూ ఊళ్ళే గానీ ఎదుటివాడిని పిలిచే సర్వనామం కనిపించదు, కాబట్టి ఆయన వైపు నుంచి ఈ ప్రశ్నే రాదు. పికార్డ్ వైపు నుంచే వస్తుంది. మొదటి నుంచి ‘మీరు’తో నడిపి, గాయపడిన డేథాన్ పక్కన నిప్పు దగ్గర కూర్చుని కథ చెప్పేచోట ‘నువ్వు’కి దిగితే దగ్గరితనం తెలుస్తుంది. దిగితే ఒక్కసారే దిగాలి, మళ్ళీ ‘మీరు’కి ఎక్కకూడదు. డేథాన్ గురించి మిగతావాళ్ళతో అన్నప్పుడు ఎపిసోడ్ మొదట్లో ‘అతను’, చివర్లో ‘ఆయన’. ఎవరూ గమనించరు, అందరికీ తగులుతుంది.

రెండోది ‘మేము’, ‘మనం’. ఇంగ్లీషుకి రెంటికీ ఒకటే మాట. గ్రహం మీద మొదట్లో పికార్డ్ నోట ‘మేము’ రావాలి: మా నౌక, మా ఉద్దేశం. మృగం చుట్టుముట్టినప్పుడు ఉజానీ సేన పిడికిలి విప్పడం, బిగించడం యుద్ధతంత్రం అని పికార్డ్‌కి తడుతుంది: పిడికిలి విప్పి శత్రువుని లోపలికి రానివ్వాలి, బిగించి కొట్టాలి. సరిగ్గా అక్కడ మొదటిసారి ‘మనం’ అనిపించండి. ఆ ఒక్క మాటకి ముందు సబ్‌టైటిళ్ళలో ఎక్కడైనా పొరపాటున ‘మనం’ దొర్లిందేమో వెతికి తీసేయండి. చివర్లో హోమర్ స్తోత్రాల పుస్తకం చేతిలో పెట్టుకుని రైకర్‌తో మాట్లాడేటప్పుడు ‘మన సంస్కృతి’ అనే రావాలి, ఇద్దరూ భూమి బిడ్డలే.

గిల్గమేష్ కథ

ఎపిసోడ్ మొత్తంలో ఎక్కువ సమయం పెట్టాల్సినది ఇక్కడే. ఉరుక్ రాజు గిల్గమేష్, అడవి మనిషి ఎంకిడూ, వాళ్ళ కొట్లాట, స్నేహం, దివి నుంచి దిగిన ఎద్దు, ఎంకిడూ చావు. ‘అనగనగా’ అని మొదలుపెట్టొద్దు, అది పిల్లల కథ అయిపోతుంది. గ్రాంథికమూ వద్దు. గాయపడ్డవాడికి పక్కన కూర్చుని చెప్పే మాట, పొట్టి వాక్యాలు.

తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కాబట్టి ఇక్కడే ఎక్కువ ప్రమాదం. ఒక పొడుగు ఇంగ్లీషు వాక్యం రెండు సబ్‌టైటిళ్ళ మీద పరుచుకుని ఉంటే, తెలుగు చేసేసరికి రెండో దాంట్లో రావలసిన చావు కబురు మొదటి దాంట్లోకి వచ్చేస్తుంది. పికార్డ్ గొంతు ఇంకా అక్కడికి చేరి ఉండదు. మందు ఒక్కటే, వాక్యాన్ని తెంచి రెండు చేయడం. ‘దేవతలు కొట్టిన దెబ్బకి నేలకూలిన ఎంకిడూని చూసి గిల్గమేష్ ఏడ్చాడు’ అని ఒకే సబ్‌టైటిల్లో కూరకుండా, ‘ఎంకిడూ నేలకూలాడు.’ ‘దేవతలు కొట్టిన దెబ్బ.’ ‘గిల్గమేష్ ఏడ్చాడు.’ అని మూడు చేయండి. గొంతు ఆగినచోట తెర ఖాళీగా ఉంచండి. డేథాన్ ముఖం చూడాల్సిన క్షణాలవి, అక్షరాలు అడ్డు రాకూడదు.

కంప్యూటర్ ‘డార్మాక్’ అర్థాలు చదివే చోట దీనికి వ్యతిరేకం. అది గబగబా చదివే జాబితా: కాండా 4లో ఏడో వంశపు చక్రవర్తి, షాంటిల్ 3లో పురాణాల వేటగాడు, ఇంకోచోట ఒక కాలనీ, మరోచోట చల్లటి మిఠాయి. ఒక్కో అర్థానికి ఒక్కో సబ్‌టైటిల్. మిఠాయి ముందే కనబడితే నవ్వు పోతుంది. షాంటిల్ 3 మళ్ళీ ‘టనాగ్రా’ వెతికినప్పుడు వస్తుంది. రెండు చోట్లా అదే రాత ఉంటేనే నౌకలోని ఆండ్రాయిడ్ అధికారి డేటాతోపాటు ప్రేక్షకుడూ కలుపుకోగలడు.

లిపి, ఫాంటు

పొల్లు మీద ముగిసే పరాయి పేర్లకి విభక్తి తగిలిస్తే అక్షరాలు అతుక్కుపోతాయి. ‘వార్ప్‌లో’ అని రావాల్సినది ‘వార్ప్లో’ అవుతుంది. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ వేయాలి. కంటికి కనబడని ఈ గుర్తు ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోతే ‘వెతుకు’ ఆ మాటని పట్టుకోదు. అందుకే పట్టిక వాక్యాలని ప్రతిసారీ టైపు చేయకుండా కాపీ చేసి అతికించండి.

వాలు అక్షరాలు వాడొద్దు. కెప్టెన్ లాగ్‌కీ తెర వెనక గొంతుకీ ఇంగ్లీషులో వాడతారు గానీ, తెలుగు ఫాంట్లకి సాధారణంగా అసలైన వాలు రూపం ఉండదు. ప్లేయర్ బలవంతంగా వంచుతుంది, గుడులూ ఒత్తులూ పక్క అక్షరం మీద పడతాయి. రెండు వరసలున్నప్పుడు పై వరస ఒత్తులు కింది వరస గుడుల్ని గుద్దుకుంటున్నాయేమో చూడండి. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటివి తీసుకుని ఒక వాక్యం పెట్టి పరీక్షించండి. ‘టనాగ్రా’ ఒక వరసలో ‘వద్ద’ ఇంకో వరసలో పడేలా విరవొద్దు, కామా దగ్గర విరవండి.

కంప్యూటర్లో వీఎల్‌సీ, ఎంపీవీ ప్లేయర్లలో బాగానే కనిపించి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి టీవీకి తగిలిస్తే డబ్బాలు కనిపించడమో, ఒత్తులు విడిపోయి పక్కన పడటమో జరగొచ్చు. ఆ టీవీలో తెలుగు ఫాంటు లేదు, లేదా సంయుక్తాక్షరాలు కూర్చే పద్ధతి లేదు. ఫైలుని ఎంత సవరించినా లాభం లేదు. ల్యాప్‌టాప్‌ని తీగతో టీవీకి కలపండి, లేదా అక్షరాలని వీడియోలోనే అచ్చువేసిన కాపీ చేసుకోండి.

పరీక్ష

ఎపిసోడ్ ఎప్పుడూ చూడని మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి, ఏమీ చెప్పొద్దు. ‘షాకా’ వాక్యం మొదటిసారి రాగానే ‘ఓడిపోయారన్నమాట’ అంటే ఎక్కడో లీక్ చేశారు. పట్టికలో అర్థం కలిసిపోయిందేమో చూడండి. ‘గోడలు కూలినప్పుడు’ బదులు ‘కోట పోయినప్పుడు’ లాంటిది రాసుంటారు. ఇంకో కొస చివరి సన్నివేశం. పికార్డ్ నౌకకి తిరిగొచ్చి, డేథాన్ చనిపోయాడని ఆయన భాషలోనే టమారియన్లకి చెప్తాడు: ఉజానీ, సేన, షాకా, గోడలు. అక్కడ మీ ప్రేక్షకుడు మీ వైపు తిరిగి ‘ఏమంటున్నాడు?’ అని అడిగితే వాక్యాలు ఎక్కడో ఒకదానితో ఒకటి సరిపోలేదు. ఫైలు తెరిచి ‘షాకా’ అని వెతికి, వచ్చిన ప్రతిదాన్నీ పట్టికతో పక్కపక్కన పెట్టి చూడండి. ఆ వెంటనే ‘టెంబా’ కూడా వెతకండి. టమారియన్ అధికారి డేథాన్ కత్తిని పికార్డ్‌కే ఉంచుకోమంటూ అనే ‘టెంబా, విశ్రాంతిలో’ దగ్గర పేరు ‘తెంబా’ అని పడి ఉండే అవకాశం ఎక్కువ.